పాలు పొంగేలోపు ఒక్క నిమిషం

మిడిల్ స్కూలు, హైస్కూలు పిల్లలకు సినిమాని పాఠంగా చెప్పే ఏర్పాటు చాలా దేశాల్లో ఉంది. ఫ్రాన్స్‌లో అది బాగా వేళ్లూనుకుంది. అక్కడ 1989లో ‘కొలేజ్ ఓ సినెమా’ అనే కార్యక్రమం మొదలైంది. కొలేజ్ అంటే మన డిగ్రీ కాలేజీ కాదు. మన లెక్కలో ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా ఉండే బడి. ఆ బడి పిల్లలు ఏడాదికి మూడు సినిమాలు చూస్తారు. టర్ముకొకటి. ఊళ్లో సినిమా హాలుకి వెళ్లి, బడి వేళల్లోనే చూస్తారు.

శ్రోతలు ఇక్కడ రెండు మాటలు గమనించాలి. ఒకటి, హాలుకి వెళ్లి చూస్తారు. తరగతి గదిలో టీవీ పెట్టి, కిటికీలకి దుప్పట్లు కట్టి చూపించి సరిపెట్టరు. రెండు, బడి వేళల్లో చూస్తారు. అంటే అది విహారయాత్ర కాదు, లెక్కల క్లాసు లాంటిదే ఇంకో క్లాసు. సినిమా వ్యవహారాలు చూసే జాతీయ సంస్థ, విద్యాశాఖ, జిల్లా పాలక మండళ్లు కలిసి దీన్ని నడుపుతాయి. టీచర్లు ఆ సినిమాని ముందే చూస్తారు. దాని మీద వాళ్లకొక చిన్న పుస్తకం అందుతుంది. పిల్లలకొక కాగితం అందుతుంది. పాత సినిమాలుంటాయి, నలుపు తెలుపువి ఉంటాయి, పరాయి భాషవీ ఉంటాయి. పిల్లలు తమంతట తాము టిక్కెట్టు కొని చూడనివే ఎక్కువగా ఉంటాయి. ఎంపికలో ఉద్దేశమే అది. 1994లో ఇలాంటి కార్యక్రమమే చిన్న బడులకి వచ్చింది. 1998లో పై తరగతుల వాళ్లకీ, పని నేర్చుకునే కుర్రాళ్లకీ వచ్చింది.

ఇంత ఏర్పాటు దేనికి అనే ప్రశ్న రావడం సహజం. పిల్లలు సినిమాలు చూస్తూనే ఉన్నారు. కావలసినదానికన్నా ఎక్కువే చూస్తున్నారు. మళ్లీ బడిలో నేర్పడం ఎందుకు? దీనికి జవాబు వంటింట్లో దొరుకుతుంది. పులుసు తిన్నవాడికి ఉప్పు ఎక్కువైందని తెలుస్తుంది. వండినవాడికి ఆ ఉప్పు ఎప్పుడు వేసిందీ, ఎంత వేసిందీ, ముందే వేస్తే ఏమయ్యేదీ తెలుస్తుంది. ఇద్దరూ తినేది ఒకే పులుసు, కానీ రెండోవాడి నాలుకకి ఇంకో విషయం కూడా తెలుసు. సినిమా పాఠం పిల్లవాడిని ఆ రెండోవాడి పక్కన కూర్చోబెడుతుంది. ఎంతసేపూ తినేవాడిగానే ఉన్న పిల్లవాడు ఒక్కసారి గరిట పట్టుకుంటాడు.

గరిట పట్టుకోవడం ఎలా? ఈ ప్రసంగమంతా ఆ ఒక్క సంగతి గురించే.

1995లో సినిమాకి నూరేళ్లు నిండాయి. ఆ సందర్భంలో పారిస్‌లోని సినెమాతెక్ ఫ్రాన్సేజ్ ఒక కార్యక్రమం పెట్టింది. అది పాత సినిమాలు దాచే, చూపించే సంస్థ. ‘సినిమా, నూరేళ్ల యవ్వనం’ అని ఆ కార్యక్రమం పేరుకి అర్థం. దాని వెనక ముఖ్యమైన ఆలోచన అలాఁ బెర్గాలా అనే సినిమా విమర్శకుడిది. 2000లో ఫ్రాన్స్ విద్యామంత్రి జాక్ లాంగ్ బడుల్లో కళల కోసం పెద్ద ప్రణాళిక పెట్టినప్పుడు, సినిమా సంగతి చూడమని ఈయన్నే పిలిచారు. ఆ అనుభవంతో ఆయన 2002లో ఒక పుస్తకం రాశాడు. టీచరు సినిమా గురించి అన్నీ తెలిసినవాడు కానక్కర్లేదని ఆయన వాదన. ఏటి ఒడ్డున పడవవాడిలా ఉంటే చాలు. తనకి ఇష్టమైన సినిమా దగ్గరికి పిల్లల్ని దాటించాలి. దాటించాక అక్కడ ఏం చూడాలో పిల్లలు చూసుకుంటారు.

సినెమాతెక్ పెట్టిన ఆ కార్యక్రమంలో అందరూ చేసే ఒక అభ్యాసం ఉంది. దాన్ని ‘లూమియేర్ నిమిషం’ అంటారు. నియమాలు చాలా తక్కువ. కెమెరా ఒకచోట పెట్టాలి. పెట్టాక కదపకూడదు. దగ్గరికి లాగకూడదు, దూరం జరపకూడదు. ఒక్క నిమిషం తీయాలి. మధ్యలో ఆపకూడదు. తర్వాత కత్తిరించకూడదు, పాట కలపకూడదు. తరగతిలో ప్రతి పిల్లా, పిల్లవాడూ ఎవరి నిమిషం వాళ్లే తీయాలి. అంతే. మరొక్కసారి చెప్పుకుందాం. కెమెరా కదలదు. ఒక్కటే షాట్. ఒక్కటే నిమిషం.

ఈ నియమాలు ఎవరో కూర్చుని కల్పించినవి కావు. సినిమా పుట్టినప్పుడు ఉన్న ఇబ్బందులే ఇవి. లియోన్ నగరంలో లూమియేర్ సోదరులకి ఫోటో పలకలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. 1895లో లూయీ లూమియేర్ ఆ ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా, వీధికి ఇవతల, కెమెరా పెట్టాడు. లోపల పట్టే ఫిల్ము దాదాపు 17 మీటర్లు. చేత్తో తిప్పితే యాభై సెకన్లలో అయిపోతుంది. ఆ యాభై సెకన్లలోనే గేటు తెరవాలి, పనివాళ్లంతా బయటికి రావాలి, గుర్రబ్బండి రావాలి, కుక్క పరుగెత్తాలి. ఇప్పుడా వీధి పేరు ‘తొలి సినిమా వీధి’. ఆ సినిమాని ఆయన ఒక్కసారి తీసి ఊరుకోలేదు. మూడు రకాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదాంట్లో బండికి ఒక గుర్రం. ఇంకోదాంట్లో రెండు. మూడోదాంట్లో గుర్రమే లేదు. చరిత్రకారులు గుర్రాల లెక్కతోనే వాటిని గుర్తుపడతారు. అదే గేటు, అదే ఫ్యాక్టరీ, అయినా మళ్లీ మళ్లీ తీశాడు. ఆ ఏడాది డిసెంబరు 28న పారిస్‌లో గ్రాండ్ కెఫే నేలమాళిగలో జనానికి టిక్కెట్టు పెట్టి చూపించిన పది చిన్న సినిమాల్లో ఈ గేటు సినిమా ఒకటి. ఆరు నెలలు తిరిగేసరికి, 1896 జులై 7న, లూమియేర్ వాళ్ల సినిమాలు బొంబాయి వాట్సన్ హోటల్లో ఆడాయి.

ఇప్పుడు మన వంటింట్లోకి వద్దాం.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి పాలు పొంగడం తీయాలనుకుందని అనుకోండి. చాలా తేలికగా కనిపిస్తుంది. స్టవ్ మీద గిన్నె ఉంది, చేతిలో ఫోను ఉంది. ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి నొక్కింది. నిమిషం గడిచింది. పాలు పొంగలేదు. తెల్లగా, కదలకుండా, గిన్నెలో అలాగే ఉన్నాయి. మర్నాడు ఇంకాస్త ఆలస్యంగా నొక్కింది. అప్పటికే సగం పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఈసారి వంటింట్లో చీవాట్లు కూడా పడ్డాయి. మూడో రోజు ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి, ముందు పాలనే చూసింది. అంచు చుట్టూ చిన్న చిన్న బుడగలు మొదలవుతాయి. తర్వాత మీద మీగడ పొర ముడతలు పడుతుంది. ఆ పొర మధ్యలో కొంచెం ఉబ్బుతుంది. అక్కడి నుంచి పాలు అంచు దాకా లేవడానికి ఎక్కువసేపు పట్టదు. నొక్కవలసింది ముడతలు పడ్డప్పుడన్నమాట. ఇన్నేళ్లుగా రోజూ ఇంట్లో పొంగే పాలని ఆ పిల్ల మొదటిసారి చూసింది. పాఠం అక్కడే సగం అయిపోయింది. ఇంకా ఒక్క సెకను కూడా తీయలేదు.

ఇలా ఎప్పుడు నొక్కాలో తేల్చుకోవడం ఒక నిర్ణయం. బెర్గాలా లెక్కలో సినిమా తీసేవాడు చేసే పనులు ముఖ్యంగా మూడు. మొదటిది ఎంచుకోవడం. లోకంలో ఇన్ని ఉంటే ఏది తీయాలి? రెండోది అమర్చడం. దేని పక్కన ఏది ఉండాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి? మూడోది మొదలుపెట్టడం. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఏ క్షణాన నొక్కాలి? ఎంచుకోవడం, అమర్చడం, మొదలుపెట్టడం. కోట్లు పోసి తీసే సినిమాలోనైనా దర్శకుడు రోజంతా చేసేది ఈ మూడే. ఫ్యాక్టరీ గేటు దగ్గర లూమియేర్ చేసిందీ ఇవే.

పాల గిన్నె దగ్గర ఇంకో సంగతి ఉంది. పొంగు అంచు దాటే సమయానికి పక్క నుంచి ఒక చెయ్యి వస్తుంది. స్టవ్ మంట తగ్గిస్తుంది. ఆ చెయ్యి అమ్మదో, నాయనమ్మదో. మొహం కనబడదు. గాజుల చప్పుడు మాత్రం వినబడుతుంది. “చూసుకోవద్దూ” అని ఒక మాట వినబడుతుంది. చూసేవాడికి గిన్నె ఒక్కటే కనబడుతున్నా, గిన్నె చుట్టూ ఒక వంటిల్లు ఉందనీ, అందులో ఒక మనిషి ఉందనీ తెలిసిపోతుంది. తెర మీద కనబడేది ఎంతో, తెర పక్కన దాగి ఉన్నదీ అంతే పనిచేస్తుంది. ఈ ముక్క ఏ పుస్తకంలో రాసి ఇచ్చినా పిల్లలకి ఎక్కదు. గాజుల చప్పుడుతో ఎక్కుతుంది.

ఇక కెమెరా ఎక్కడ పెట్టాలి అన్నదానికి వాకిలి ముగ్గు మంచి ఉదాహరణ. ముగ్గు వేయడాన్ని మేడ మీద నుంచి తీస్తే చుక్కలు, గీతలు కనబడతాయి. నిమిషంలో ఒక బొమ్మ తయారవుతుంది. వేసేమనిషి ఒక వంగిన వీపు, ఒక జడ. నేల మీద పెట్టి తీస్తే బొమ్మ కనబడదు. రెండు వేళ్ల మధ్య నుంచి జారే పిండి కనబడుతుంది. ఆ వేళ్ల నైపుణ్యం కనబడుతుంది. వీధికి అవతలి నుంచి తీస్తే ముగ్గూ కనబడదు, వేళ్లూ కనబడవు. తెల్లవారుజామున ఒక ఇంటి ముందు ఒక మనిషి వంగి ఉండటం, పాలవాడి బండి అడ్డంగా పోవడం, కుక్క వచ్చి వాసన చూడటం కనబడతాయి. మనిషి మారలేదు, ముగ్గు మారలేదు. మూడు చోట్ల నుంచి మూడు సినిమాలు. మొదటిది ముగ్గు గురించి. రెండోది చేతుల గురించి. మూడోది వీధి గురించి. తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ మూడూ పక్కపక్కన చూపిస్తే టీచరు వివరించాల్సింది పెద్దగా ఏమీ ఉండదు.

చూపించే పద్ధతి మాత్రం ముఖ్యం. పిల్లలు తీసిన నిమిషాన్ని తరగతిలో రెండుసార్లు వేయాలి. మొదటిసారి ఎవరూ మాట్లాడకూడదు. రెండోసారి తర్వాత ప్రశ్నలు. ఎక్కడ నిలబడి తీశారు? అక్కడే ఎందుకు? ఫ్రేము బయట ఏముంది? ఎప్పుడు మొదలైంది? ఇంకాస్త ముందు మొదలైతే ఏమయ్యేది? ప్రశ్నలన్నీ ఇలాంటివే. “బాగుందా?” అని అడగకూడదు. ఆ ప్రశ్న పడగానే క్లాసంతా చప్పట్లు కొడుతుంది, మాట ఆగిపోతుంది. “దీంట్లో నీతి ఏమిటి?” అని అసలు అడగకూడదు. మన బడుల్లో సినిమా చూపించడమంటే నవంబరు 14నో, ఆగస్టు 15నో ఒక మంచి సినిమా వేసి, చివర ఈ నీతి ప్రశ్న వేయడంగా మారిపోయింది. అలా చేస్తే సినిమా నీతిని చుట్టిన కాగితం అవుతుంది. నీతి తీసుకుని కాగితం పారేస్తారు.

పిల్లలు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న “ఎలా తీశారు?” అని. 1957 నాటి మాయాబజార్‌లో లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడటం చూసిన ఏ పిల్లవాడైనా అదే అడుగుతాడు. అడగనివ్వాలి. అది మంచి ప్రశ్నే. అయితే సొంతంగా ఒక్క నిమిషం తీసిన పిల్లవాడు దాని తర్వాత ఇంకో ప్రశ్న అడుగుతాడు. “అక్కడి నుంచే ఎందుకు తీశారు?” ఈ రెండో ప్రశ్న వచ్చిందంటే అభ్యాసం పనిచేసినట్టు.

ఆ రెండో ప్రశ్న వచ్చాక పెద్ద సినిమాల దగ్గరికి వెళ్లొచ్చు. మన దేశంలో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సతీశ్ బహదూర్ అనే ఆచార్యుడు సినిమా ఎలా చూడాలో చాలా ఏళ్లు పాఠం చెప్పాడు. సత్యజిత్ రాయ్ 1955లో తీసిన పథేర్ పాంచాలీని ఆయన షాటు షాటుగా విప్పి చెప్పేవాడు. ఆ సినిమాలో అపు అనే పిల్లవాడు మనకి ఎలా పరిచయమవుతాడో చూడండి. వాడు నిద్ర లేవడు. దుప్పటి కప్పుకుని ఉంటాడు. అక్క దుర్గ లేపుతుంది. దుప్పటికి ఒక చిరుగు ఉంటుంది. ఆ చిరుగులోంచి ఒక కన్ను, అక్క వేళ్లతో విప్పితే, తెరుచుకుంటుంది. మొహం ఇంకా కనబడలేదు, పేదరికం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒక చిరుగు, ఒక కన్ను. లోకాన్ని చూడబోయే పిల్లవాడు ముందు కన్నుగా వచ్చాడు. పాల గిన్నె పక్క నుంచి వచ్చిన చెయ్యి తీసిన పిల్లకి ఈ కన్ను దగ్గర టీచరు సాయం అక్కర్లేదు. ఏం దాచారో, ఎందుకు దాచారో తనే చెబుతుంది.

పారిస్ కార్యక్రమం కూడా ఈ దారినే నడుస్తుంది. ఏడాదికొక ప్రశ్న పెట్టుకుంటారు. ఒక ఏడాది చూపడం, దాచడం. ఇంకో ఏడాది కెమెరాని ఎందుకు కదపాలి అన్నది. వేర్వేరు దేశాల పిల్లలు అదే ప్రశ్న మీద పాత సినిమాల్లోంచి ముక్కలు చూస్తారు, చిన్న అభ్యాసాలు చేస్తారు, చివరికి ఒక చిన్న సినిమా తీస్తారు. బడి ఏడాది చివర పారిస్‌లో కలిసి ఒకరివి ఒకరు చూసుకుంటారు. బహుమతుల కన్నా ఒకరి సినిమా గురించి ఒకరు మాట్లాడుకోవడానికే అక్కడ విలువ.

మిగతా దేశాల పద్ధతులు వేరు. అమెరికాలో దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ 1990లో పెట్టిన ఫిల్మ్ ఫౌండేషన్ పాత సినిమాలని కాపాడే సంస్థ. అది మిడిల్, హైస్కూలు టీచర్లకి ‘ది స్టోరీ ఆఫ్ మూవీస్’ అనే పాఠాలు ఉచితంగా ఇస్తుంది. ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’, ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’ లాంటి సినిమాల మీద ఆ పాఠాలు ఉంటాయి. వాటిలో ఆ కాలపు చరిత్రకి చోటెక్కువ. నార్తర్న్ ఐర్లండ్‌లో సినిమా కళ ఏకంగా పరీక్ష రాసే సబ్జెక్టు. అక్కడ పిల్లలు తాము అంతకుముందు చూడని సినిమా ముక్క చూసి జవాబు రాస్తారు.

మన దగ్గర బాలల చిత్ర సమితి 1955లోనే పుట్టింది. అది జరిపిన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి 1990ల నుంచి హైదరాబాదే వేదికగా ఉండేది. బాలల దినోత్సవం రోజుల్లో బడి బస్సులు వరసగా వచ్చి సినిమా హాళ్ల ముందు ఆగేవి. పిల్లలు తీసిన సినిమాలకి ‘లిటిల్ డైరెక్టర్స్’ అనే విభాగం కూడా తర్వాత వచ్చింది. 2022లో ఆ సమితి జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్ఎఫ్‌డీసీలో కలిసిపోయింది. ఆ ఉత్సవాలు చూసిన పిల్లలు అదృష్టవంతులే. కానీ రెండేళ్లకోసారి వచ్చిన పండగ భోజనంతో రోజూ ఆకలి తీరదు. తమిళనాడులో 2022 నుంచి ప్రభుత్వ బడుల్లో నెలకొక పిల్లల సినిమా వేసి, తర్వాత చర్చ పెట్టే పద్ధతి మొదలైంది. రోజూ తిండికి అది కొంచెం దగ్గర.

లూమియేర్ నిమిషానికి పండగా అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు. టీచరు ఫోను ఒక్కటి చాలు. పిల్లలు ఫోన్లు బడికి తేనక్కర్లేదు. తరగతిలో నలభై మంది ఉంటే వారానికి అయిదుగురు. ఎనిమిది వారాల్లో అందరి వంతూ వస్తుంది. ఫోను అడ్డంగా పెట్టాలి. స్టాండు లేకపోతే నాలుగు పుస్తకాలు పేర్చి, రబ్బరు బ్యాండు వేసి నిలబెట్టొచ్చు. చేత్తో పట్టుకోకూడదు. మధ్యలో ఫోన్ రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. గడియారం చూడటానికి ఇంకో పిల్లవాణ్ని నిలబెట్టాలి. మొదటిసారి సరిగా రాకపోయినా చెరిపేయకూడదు. పాలు పొంగని నిమిషాన్ని కూడా తరగతిలో వేయాలి. దాని గురించే ఎక్కువ మాటలు వస్తాయి.

తీసే ముందు అందులో కనబడేవాళ్లని అడగాలి. ముగ్గు వేసే పక్కింటి పెద్దమ్మని అడగాలి. బస్టాపులో టీ కొట్టు బాబాయిని అడగాలి. వద్దంటే వద్దు. అడగడం ఎలాగో నేర్చుకోవడం కూడా ఈ పాఠంలో భాగమే. తీసిన నిమిషాలు తరగతిలోనే ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు. ఎంతమంది చూశారన్న లెక్క మొదలైతే పిల్లలు వెంటనే పాలు మానేసి డాన్సు తీస్తారు.

ఆఖరున ఒక చిన్న పని మిగులుతుంది. లూమియేర్ వాళ్ల కెమెరామన్లు దేశదేశాలు తిరిగి ఇలాంటి చిన్న సినిమాలు వెయ్యికి పైగా తీశారు. చాలావాటికి పేరులోనే ఊరో, వీధో ఉంటుంది. తరగతిలో కూడా అలాగే చేయాలి. ఒక నోటు పుస్తకం పెట్టి, ప్రతి నిమిషానికి ఒక పేరు, తీసిన చోటు, తేదీ, వేళ రాయించాలి. పేరు పెద్దదిగా ఉండక్కర్లేదు. పాలు. మా వంటిల్లు. సోమవారం, ఉదయం ఆరూ పది.